శృంగవరపుకోట పరిసరాల మౌఖిక వారసత్వం: డిజిటల్ నమోదు, కళాశాల విద్య – ఒక అనువర్తిత పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉత్తరాంధ్ర మౌఖిక కళారూపాలు, మాండలికాలు, గిరిజన భాషలు నేడు సెల్‌ఫోన్ల ద్వారా విరివిగా రికార్డు అవుతున్నాయి. అయితే ఒక ప్రదర్శన రికార్డు కావడం వేరు, అది పరిశోధనకూ బోధనకూ ఆధారంగా నిలవడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని శృంగవరపుకోట ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని వివరించడం, డిగ్రీ విద్యార్థుల క్షేత్రకృషి ద్వారా ఆ అంతరాన్ని పూరించే మార్గాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మౌఖిక వారసత్వం, తప్పెటగుళ్లు, గదబ, మెటాడేటా, ప్రదర్శకుల హక్కులు, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు.

1. ఉపోద్ఘాతం:

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో మైదానం ముగిసి కొండ మొదలయ్యే చోట శృంగవరపుకోట ఉంది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం కూడా ఈ ఊరి మీదుగానే అనంతగిరి కొండల్లోకి ఎక్కుతుంది. పుణ్యగిరి శివరాత్రి జాతరకు మైదానపు పల్లెల జనమూ కొండ మీది గూడేల జనమూ ఒకేచోట చేరుతారు. తప్పెటగుళ్లు, జముకుల కథ వంటి కళారూపాలు, ఉత్తరాంధ్ర మాండలికం, గదబ, కొండదొర తదితర గిరిజన సముదాయాల వాఙ్మయం ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. భాషాశాస్త్ర, జానపద విజ్ఞాన పరిశోధకులకు ఇటువంటి సరిహద్దు ప్రాంతం విలువైనది.

గత తరం పరిశోధకుడికి ఎదురైన ప్రధాన సమస్య సేకరణ. టేపురికార్డరు, విద్యుత్తు, రవాణా, అన్నీ కష్టసాధ్యమే. నేడు సేకరణ సమస్య చాలావరకు తీరింది. జాతర జరిగితే పది ఫోన్లు పైకి లేస్తాయి. ఆ రాత్రికే దృశ్యాలు యూట్యూబులోకీ వాట్సాప్ బృందాల్లోకీ చేరతాయి. కాని వాటిలో అధికభాగానికి ప్రదర్శకుల పేరు, ఊరు, సందర్భం, తేదీ ఉండవు. పాడిన పెద్దలు గతించిన తరువాత ఆ వివరాలు చెప్పగలిగేవారు మిగలరు. అంటే, నేటి నష్టం రికార్డు చేయకపోవడం వల్ల జరుగుతున్నది కాదు, రికార్డు చేసినదానిని వివరించకపోవడం వల్ల జరుగుతున్నది.

2. పూర్వ పరిశోధనలు చూపిన మార్గం:

ఈ ప్రాంతానికి క్షేత్రకృషి కొత్త కాదు. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో అధ్యాపకుడిగా ఉంటూ సవర భాషను ఆ భాషీయుల నుంచే నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడులు నడిపారు, వారి భాషలో వాచకాలు సిద్ధం చేశారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లోనూ, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఇక్కడ గమనించవలసినది గ్రంథాల సంఖ్య కాదు, క్రమం. సేకరణ, వివరణ, బడికి తిరిగి చేర్చడం అనే మూడు దశలూ ఆయన కృషిలో విడదీయరానివిగా ఉన్నాయి.

రెండో ఉదాహరణ మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వచ్చాయి. ఒక పదాన్ని ఏ ప్రాంతంలో వాడతారో అన్న సమాచారం ఆ పదంతోపాటే నిలవడం ఈ కోశానికి ప్రాణం. ప్రాంత సూచన తీసివేస్తే అది పదాల పట్టిక మాత్రమే అవుతుంది. కృష్ణమూర్తి 1969లో కొండ (కూబి) భాషపై వెలువరించిన వర్ణనాత్మక వ్యాకరణం, పేరి భాస్కరరావు 1980లో కొండేకోర్ గదబపై ప్రచురించిన గ్రంథం కూడా ఇదే క్షేత్రనిష్ఠకు నిదర్శనాలు.

ఈ పరిశోధకులకు ఉన్న సాధనాలు నేటి విద్యార్థి చేతిలోని ఫోనుతో పోలిస్తే అత్యల్పం. అయినా వారి సామగ్రి నేటికీ ఆధారంగా నిలిచింది. కారణం, వారు విన్నదానితోపాటు ఎవరి నుంచి, ఎక్కడ విన్నారో కూడా రాసుకున్నారు.

3. వివరాలు లేని రికార్డు – మూడు చిక్కులు:

3.1 పేరు ఒకటి, భాషలు రెండు: 'గదబ పాట' అన్న శీర్షికతో ఒక రికార్డు దొరికిందనుకుందాం. గదబ అనే పేరుతో పిలిచే సముదాయాల్లో రెండు వేర్వేరు భాషాకుటుంబాలకు చెందిన మాటలు ఉన్నాయి. గుతోబ్ గదబ ముండా భాష, అంటే సవరకు బంధువు. కొండేకోర్ గదబ ద్రావిడ భాష, అంటే తెలుగుకు బంధువు. పైగా గదబ సముదాయానికి చెందినవారు తెలుగులో పాడిన పాట కూడా 'గదబ పాట'గానే నమోదు కావచ్చు. సముదాయం పేరును, భాష పేరును వేర్వేరు గడుల్లో రాయకపోతే ఆ రికార్డు ఏ భాషకు సాక్ష్యమో తేలదు.

3.2 మారే సరిహద్దులు: శృంగవరపుకోట 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో భాగం. 1985లో మండల వ్యవస్థ వచ్చి తాలూకా పేర్లు పోయాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరుపడ్డాయి. కాబట్టి 'విశాఖ జిల్లా జానపద గేయం' అన్న పాత నమోదు 1975 నాటిదైతే ఒక అర్థం, 2023 నాటిదైతే మరో అర్థం ఇస్తుంది. గ్రామం పేరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ కలిపి రాసినప్పుడే స్థల సమాచారం నిలకడగా ఉంటుంది.

3.3 సరిదిద్దిన మాండలికం: రికార్డును రాతలోకి దించేటప్పుడు విద్యార్థులు తెలియకుండానే ప్రమాణ భాషలోకి మార్చుతారు. 'ఎల్లిపోనాడు' అన్నది 'వెళ్లిపోయాడు' అవుతుంది, 'బేగి' అన్నది 'త్వరగా' అవుతుంది, 'ఏటి' అన్నది 'ఏమిటి' అవుతుంది. ఈ సవరణతో క్రియారూపం, పదం, ఉచ్చారణ మూడూ పోతాయి. అందువల్ల విన్నది విన్నట్లుగా ఒక వరుస, ప్రమాణ భాషలో మరో వరుస రాయడం అవసరం. శబ్దాన్నీ రాతనూ కాలక్రమంలో జతపరిచే ఈలాన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పనికి ఉపకరిస్తుంది. రాత యూనికోడులోనే ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠం అచ్చులో బాగానే కనిపించినా వెతుకులాటకు అందదు. తెలుగు పరిశోధన సామగ్రిలో పెద్దభాగం ఇప్పటికీ ఈ కారణంగానే శోధనకు దూరంగా ఉంది.

4. తప్పెటగుళ్లు – నమోదులో ఏముండాలి?

తప్పెటగుళ్లు ఉత్తరాంధ్రలో ప్రధానంగా యాదవ కళాకారులు ప్రదర్శించే బృంద కళ. గుండ్రని రేకు వాద్యాన్ని రొమ్ముకు కట్టుకొని రెండు చేతులతో వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో అడుగులు వేస్తూ పాడతారు. గంగమ్మ పండుగతో దీనికి ఆనుష్ఠానిక సంబంధం ఉంది. ఇతివృత్తాల్లో గంగమ్మ కథతోపాటు రామాయణ, భాగవత ఘట్టాలూ కనిపిస్తాయి. ఒకరిపై ఒకరు నిలిచి గోపురాలుగా ఏర్పడే విన్యాసాలు చూపరులను ఎక్కువగా ఆకర్షిస్తాయి.

సరిగా ఇక్కడే దృశ్య మాధ్యమం తన ఎంపికను చూపుతుంది. ఫోనుతో తీసిన చిన్న వీడియోల్లో విన్యాసమే మిగులుతుంది, కథాగానం తెగిపోతుంది. గంటల తరబడి సాగే ప్రదర్శన నిమిషం నిడివికి కుదించినప్పుడు ఆ కళ వ్యాయామ ప్రదర్శనగా మాత్రమే పరిచయమవుతుంది. గంగమ్మ పండుగలో ఆడినదీ, ప్రభుత్వ వేదికపై పదిహేను నిమిషాలకు కుదించి ఆడినదీ ఒకటి కావు. కాబట్టి సందర్భాన్ని నమోదు చేయడం అలంకారం కాదు, పాఠనిర్ణయంలో భాగం.

విద్యార్థి స్థాయిలో ఒక రికార్డుకు ఈ ఎనిమిది వివరాలు కనీస అవసరం: (1) ప్రదర్శకులు కోరిన విధంగా వారి పేర్లు, (2) బృందం పేరు, గురువు, (3) గ్రామం, స్థాననిర్దేశం, (4) తేదీ, (5) సందర్భం, (6) భాష, మాండలికం, (7) కథ లేదా పాటకు వారే వాడే పేరు, (8) అనుమతి షరతులు. గ్రంథాలయాలు అంతర్జాతీయంగా వాడే డబ్లిన్ కోర్ పద్ధతిలో పదిహేను మూలాంశాలు ఉన్నాయి. పై ఎనిమిదింటినీ వాటిలోకి సులువుగా మార్చవచ్చు. ఏడో అంశం చిన్నదిగా కనిపించినా కీలకమైనది. పరిశోధకుడు పెట్టిన పేరు వర్గీకరణకు పనికివస్తుంది, కళాకారుడు వాడే పేరు సంప్రదాయపు స్వీయజ్ఞానాన్ని చెబుతుంది.

5. అనుమతి, హక్కులు:

జానపద గేయానికి కర్త ఎవరో తెలియదు కాబట్టి దానిపై ఎవరికీ హక్కు లేదన్న భావన విద్యావర్గాల్లోనూ ఉంది. ఇది సగమే నిజం. గేయానికి కర్త తెలియకపోవచ్చు, ప్రదర్శనకు ప్రదర్శకుడు ఎదుటే ఉంటాడు. భారత కాపీరైట్ చట్టం (1957) 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులను గుర్తించింది. గాయకులు, నర్తకులు, వాద్యకారులతోపాటు గారడీ చేసేవారు, పాములవారు కూడా ఈ నిర్వచనంలోకి వస్తారు. ఈ హక్కు కాలపరిమితి యాభై ఏళ్లు. 2012 సవరణ ప్రదర్శకుడికి తన పేరుతో గుర్తింపు పొందే నైతిక హక్కును కూడా కల్పించింది. కనుక పేరు రాయకపోవడం శాస్త్రీయ లోపమే కాదు, హక్కుకు సంబంధించిన లోపం కూడా.

అనుమతి అంటే సంతకం తీసుకోవడం మాత్రమే కాదు. ఉదాహరణకు వికీమీడియా కామన్స్‌లో చేర్చే రికార్డును వాణిజ్య అవసరాలకు సైతం ఎవరైనా వాడుకోవచ్చు. ఈ సంగతి కళాకారుడికి అతని మాటల్లో చెప్పిన తరువాతనే అతని అంగీకారానికి విలువ. తరగతి గదికి పరిమితం, కళాశాల గ్రంథాలయానికి పరిమితం, అందరికీ అందుబాటు అనే మూడు స్థాయిలను వేర్వేరుగా అడగడం మంచిది. పూజా సందర్భపు పాటలను బయట వినిపించరాదని సముదాయం భావిస్తే ఆ నిర్ణయమే చెల్లుతుంది. అవ్యక్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణపై యునెస్కో 2003లో చేసిన ఒడంబడిక సముదాయ భాగస్వామ్యాన్ని కోరుతుంది. 2019లో రూపొందిన కేర్ సూత్రాలు ఆదివాసుల సమాచారంపై ఆదివాసులకే అధికారం ఉండాలని చెబుతున్నాయి.

6. కళాశాల విద్యతో అనుసంధానం:

ఈ పనిని ఎవరు చేయాలి? విశ్వవిద్యాలయ ప్రాజెక్టులు కొన్ని గ్రామాలకే చేరగలవు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటల తప్పనిసరి అంశంగా ప్రవేశించింది. విద్యార్థి ఒక గ్రామాన్ని ఎంచుకొని, సామాజిక–ఆర్థిక సర్వే చేసి, నివేదిక సమర్పించాలి. ఆ సర్వే పత్రానికే ఇంట్లో మాట్లాడే భాష, పిల్లలకు పెద్దలు చెప్పే కథలు, ఊరిలోని కళాకారులు అనే మూడు ప్రశ్నలు చేర్చితే వేరే ప్రాజెక్టు అవసరం లేకుండానే సాంస్కృతిక పటం ఒకటి క్రమంగా రూపొందుతుంది. శృంగవరపుకోట వంటి చోట చదివే విద్యార్థుల్లో అనేకులు ఆయా పల్లెల నుంచే వస్తారు. బయటి పరిశోధకుడు నెలల తరబడి సంపాదించుకోవలసిన నమ్మకం వారికి బంధుత్వంగానే ఉంటుంది.

ఇందులో ఒక పరిమితినీ గుర్తించాలి. తన ఊరి యాసను బడిలో తప్పుగా విన్న విద్యార్థి దానిని నమోదు చేయడానికి సంకోచిస్తాడు. అందువల్ల క్షేత్రకృషికి ముందు మాండలికం భాషలో లోపం కాదని తరగతిలో స్థిరపరచడం తెలుగు అధ్యాపకుడి మొదటి బాధ్యత. రామమూర్తి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనే కళాశాలల్లో ఈ బోధనకు ప్రత్యేక సందర్భం వెతకనక్కరలేదు.

ఫలితం తిరిగి బడికి చేరడం మరో అవసరం. జాతీయ విద్యావిధానం (2020) వీలైనంతవరకు కనీసం ఐదో తరగతిదాకా మాతృభాషలో బోధన జరగాలని సూచించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు దశాబ్దాల క్రితమే సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా తదితర ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో బహుభాషా బోధన ప్రారంభమైంది. గదబ ఆ ఎనిమిదింటిలో లేదు. తమ భాషలో వాచకం లేని పిల్లలకు తాతమ్మల కథలతో కూర్చిన చిన్న శబ్ద సంపుటి కూడా తొలి వాచకంగా ఉపకరించగలదు.

భద్రపరిచే విషయంలో యూట్యూబును గ్రంథాలయంగా భావించడం సరికాదు. ఖాతా మూతపడితే దృశ్యం పోతుంది. వాట్సాప్ ద్వారా పంపిన దస్త్రం నాణ్యత కోల్పోవచ్చు. మూల శబ్దాన్ని కుదించని వేవ్ రూపంలో కళాశాలలో ఒక ప్రతి, బయట మరో ప్రతి, కళాకారుల కుటుంబానికి ఒక ప్రతి చొప్పున ఉంచడం కనీస జాగ్రత్త. ఈ మూడింటిలో చివరిదే సాధారణంగా మరుగున పడుతుంది.

7. ముగింపు:

డిజిటల్ మాధ్యమం మౌఖిక వారసత్వాన్ని తనంతట తాను కాపాడదు, నశింపజేయదు. దానితోపాటు నడిచే వివరణే ఆ రికార్డు భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. ఎనిమిది వివరాలు, రెండు వరుసల రాత, మూడు స్థాయిల అనుమతి, మూడు ప్రతులు: వీటికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. అధ్యాపకుడి పర్యవేక్షణ, విద్యార్థి శ్రద్ధ చాలు. ఇవి పాటించిన డిగ్రీ స్థాయి నివేదిక రేపటి పరిశోధకుడికి ప్రాథమిక ఆధారమవుతుంది. పాటించని పక్షంలో, గంగమ్మ పండుగలో రాత్రంతా పాడిన మనిషి రేపటి తెర మీద కనిపిస్తూనే ఉంటాడు, కాని ఆయన ఎవరో, ఏ ఊరివాడో, ఏ కథ పాడుతున్నాడో చెప్పగలవారు ఉండరు.