వాషింగ్టన్ ఎవరి పేరు?

వాషింగ్టన్ అనగానే మనకు ముందుగా తట్టేవి రెండు: అమెరికా తొలి అధ్యక్షుడు, ఆ దేశపు రాజధాని. రాజధానికి ఆ పేరు పెట్టడానికి ఆరువందల ఏళ్ల ముందే అది ఇంగ్లండ్‌లో ఒక పల్లెకు ఉంది. పల్లె పేరు ఇంటిపేరైంది, ఇంటిపేరు సముద్రం దాటింది, నగరానికీ రాష్ట్రానికీ పెట్టారు. ఆ దారి పొడవునా అపోహలు పుట్టుకొచ్చాయి. కొన్ని తేలికపాటివి. ఒకటి మాత్రం కొట్లాడి సరిదిద్దాల్సినంత పెద్దది.

అపోహ: ఇంగ్లండ్‌లోని వాషింగ్టన్ పట్టణానికి అధ్యక్షుడి పేరు పెట్టారు.

జరిగింది దీనికి తలకిందులు. న్యూకాజిల్, సండర్లాండ్ నగరాల మధ్య ఉన్న ఈ ఊరు, 1183లో డర్హమ్ బిషప్ తన భూముల లెక్క రాయించిన ‘బోల్డన్ బుక్’లోనే కనిపిస్తుంది. ఆ రోజుల్లోనే విలియం డి హెర్ట్‌బర్న్ అనే భూస్వామి తన పాత జాగీరును బిషప్‌కు వదులుకుని బదులుగా ఈ ఊరు పుచ్చుకున్నాడు. ఏ ఊరి భూమి ఉంటే ఆ ఊరి పేరు పెట్టుకోవడం అప్పటి దొరల ఆనవాయితీ కాబట్టి, హెర్ట్‌బర్న్ పోయి వెసింగ్టన్ వచ్చింది. ఆ ఇంటిపేరు పుట్టుక ఇదే. గుమాస్తాలు ఒక్కో కాగితంలో ఒక్కోలా రాస్తూ పోగా, ఇవాళ్టి రూపం మెల్లగా స్థిరపడింది. 1964లో ఆ ప్రాంతాన్ని కొత్త పట్టణంగా ప్రకటించి కట్టడాలు పెంచారు. అందుకే పైపైన చూసినవాళ్లకు పేరు కూడా కొత్తదేననిపిస్తుంది. 1977లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అక్కడికి వెళ్లి మొక్క నాటాడు.

అపోహ: బట్టలు ఉతికే చోటు కాబట్టి ఆ పేరు.

కాదు. వాస అనో, హ్వాస అనో పిలిచిన ఒక పాతకాలపు మనిషి పేరు మీద వెలసిన వ్యవసాయ భూమి అని ఆ మాటకు అర్థం. పశ్చిమ ససెక్స్‌లోనూ ఇదే పేరుతో మరో పల్లె ఉంది.

అపోహ: వాషింగ్టన్ ఇంటిపేరున్నవాళ్లందరూ జార్జ్ వంశమే.

జార్జ్ వాషింగ్టన్‌కు కన్నపిల్లలు లేరు. భార్య మార్తాకు మొదటి పెళ్లివల్ల కలిగిన పిల్లలనే పెంచాడు. నిడదవోలు, మంగళంపల్లి అని ఊరి పేరే ఇంటిపేరైనవాళ్లను మనం రోజూ చూస్తాం. వాళ్లంతా ఒకే ఇంటివాళ్లని అనుకోం కదా. జార్జ్ పుట్టిన శాఖ ఉత్తరం నుంచి నార్తాంప్టన్‌షైర్‌కు దిగివచ్చింది. ఉన్ని వర్తకుడైన లారెన్స్ వాషింగ్టన్ 1539లో అక్కడి సల్‌గ్రేవ్ జాగీరు కొన్నాడు. ఆ వంశంలోని ఒక చర్చి గురువు ఇంగ్లండ్ అంతర్యుద్ధ కాలంలో కొలువు పోగొట్టుకున్నాడు. ఆయన కొడుకు జాన్ 1650ల రెండో సగంలో వర్జీనియా చేరాడు. ఈ జాన్, జార్జ్‌కు ముత్తాత.

ఈ కుటుంబ చిహ్నంలో తెల్లటి నేల మీద రెండు ఎర్ర పట్టీలు, పైన మూడు ఎర్ర నక్షత్రాలు ఉంటాయి. అమెరికా జాతీయ జెండా దీన్నుంచే పుట్టిందని చెప్పడానికి ఆనాటి ఆధారం లేదు. 1938లో ఖాయం చేసిన రాజధాని జెండా మాత్రం అచ్చంగా ఈ చిహ్నమే.

మన ఇళ్లలో వినిపించే పొరపాటు ఇంకొకటుంది. పిల్లలు వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లోనో రెడ్మండ్‌లోనో ఉద్యోగం చేస్తుంటే, వాళ్లున్నది వైట్‌హౌస్ ఊళ్లోనే అనుకునే పెద్దలున్నారు. అవి దేశానికి చెరో కొసన ఉన్నాయి. విచిత్రమేమంటే, 1853లో ఆ పడమటి ప్రాంతంవాళ్లు తమకు ‘కొలంబియా’ పేరు కావాలని అడిగారు. రాజధాని ఉన్న కొలంబియా డిస్ట్రిక్ట్‌తో తికమక వస్తుందని కాంగ్రెస్ దాన్ని వాషింగ్టన్‌గా మార్చింది. తికమక తప్పించబోయి మరింత తికమక తెచ్చింది.

ఇక అసలు విషయం.

అపోహ: నల్లజాతి వాషింగ్టన్‌ల పూర్వీకులంతా జార్జ్ వాషింగ్టన్ బానిసలు, యజమాని పేరే వాళ్లకు అంటుకుంది.

2000 జనాభా లెక్కల్లో ఈ ఇంటిపేరున్నవాళ్లు 1,63,036 మంది. వారిలో దాదాపు 90 శాతం నల్లజాతివారు. ఇంగ్లిష్ భూస్వామి పేరు అమెరికాలో నల్లవారి పేరైంది. కానీ ఇందుకు కారణం జార్జ్ సొంత తోట మౌంట్ వెర్నన్ ఒక్కటే కాదు. 1799లో అక్కడ బానిసలు 317 మంది. వీలునామా ద్వారా విడిపించే హక్కు జార్జ్‌కు ఉన్నది 123 మంది మీదే. మిగతావారిలో ఎక్కువమంది మార్తా మొదటి భర్త ఆస్తి కింద ఉన్నారు. పైగా వాళ్లలో కొందరికి సొంత ఇంటిపేర్లుండేవి. జార్జ్ వెంట అమెరికా స్వాతంత్ర్య యుద్ధమంతా తిరిగిన సేవకుడు విలియం లీ, చివరిదాకా లీగానే ఉన్నాడు. జార్జ్ బంధువులైన ఇతర వాషింగ్టన్‌ల తోటల నుంచి కొందరికి ఆ పేరు వచ్చి ఉండొచ్చు. లక్షన్నర మందికి ఆ లెక్క చాలదు.

1865లో విముక్తి తర్వాత చాలామంది తమ పేరు తామే ఎంచుకున్నారు. ఇందుకు నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ చిన్ననాటి సంగతి గట్టి సాక్ష్యం. బడిలో హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలకు రెండేసి పేర్లున్నాయి, తనకు ఒకటే ఉందని ఆ పిల్లవాడు గమనించాడు. తన వంతు వచ్చేసరికి ‘బుకర్ వాషింగ్టన్’ అని చెప్పేశాడు. ఆయన మారుతండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. అంటే బుకర్ ఇంటిపేరు ఏ యజమాని ముద్రా కాదు. దాన్ని కేవలం బానిసత్వపు గుర్తుగా చూడటం ఆ పిల్లవాడి నిర్ణయాన్ని చెరిపేయడమే.

యజమాని పేరును నిజంగానే మోసినవాళ్లూ ఉన్నారు. గాంబియా ప్రాంతంలో పుట్టిన హ్యారీ, మౌంట్ వెర్నన్ నుంచి పారిపోయి 1776లో బ్రిటిష్ సైన్యంలో చేరాడు. యుద్ధం ముగిశాక, 1783లో, హ్యారీ వాషింగ్టన్ అనే పేరుతో న్యూయార్క్ రేవులో ఓడ ఎక్కి నోవా స్కోషియా చేరాడు. అక్కణ్నుంచి 1792లో సియెర్రా లియోన్ వెళ్లాడు. అక్కడ భూమి శిస్తు మీద 1800లో తిరుగుబాటు లేచినప్పుడు తిరగబడినవారిలో చేరి దేశబహిష్కరణకు గురయ్యాడు. బహిష్కృతులు తమకు నాయకుడిగా హ్యారీనే ఎన్నుకున్నారు. జార్జ్ వాషింగ్టన్ చనిపోయి అప్పటికి ఏడాది.