కెమెరా ఫ్లాష్ కత్తి అయిన వైనం

1976లో లండన్ దగ్గరి ఎల్‌స్ట్రీ స్టూడియోలో 'స్టార్ వార్స్' తీస్తున్నప్పుడు దర్శకుడు జార్జ్ లూకాస్‌కు కాంతితో కోసే కత్తి కావాల్సి వచ్చింది. లోకంలో లేని ఆయుధం, పైగా బడ్జెట్ అంతంతమాత్రం. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్‌కు అది లండన్‌లోని ఓ ఫొటో సామాన్ల దుకాణంలో దొరికింది: గ్రాఫ్లెక్స్ ఫ్లాష్‌గన్ పిడి.

అమెరికా పత్రికా ఫొటోగ్రాఫర్లు వాడిపారేసిన సరుకది. మెరిసే లోహపు గొట్టం, లోపల మూడు లావుపాటి బ్యాటరీలు, బొటనవేలికి అందేలా ఎర్ర బటన్. క్రిస్టియన్ చేసిన మార్పులు కొద్దే. పట్టుకోసం నల్ల ప్లాస్టిక్ పట్టీలు అతికించాడు. బిగింపు దగ్గర క్యాలిక్యులేటర్‌లోని బుడిపెల పట్టీ దూర్చాడు. నడుముకు వేలాడదీయడానికి అడుగున ఓ రింగు పెట్టాడు. బుడిపెలు ఏ పనీ చెయ్యవు, కంటికోసమే. రింగు లేకపోతే మాత్రం నటుడు దాన్ని రోజంతా చేత్తో మోయాల్సిందే! మిగతా గొట్టమంతా ఒకప్పుడు నిజంగా పనిచేసిన వస్తువు కాబట్టే, చూసేవాడికి ఈ కత్తి కూడా పనిచేస్తుందనిపిస్తుంది.

అలుగు దగ్గరే చిక్కంతా. కర్రకు, వచ్చిన వెలుగును వచ్చిన దారినే తిప్పికొట్టే పూత పూసి, పిడిలో దాచిన మోటారుతో గిరగిరా తిప్పారు. కెమెరా వైపు నుంచి కాంతి పడితే అది మెరిసేది. అయితే రెండు కర్రలు గట్టిగా తగిలితే విరిగేవి. చివరికి ఆ వెలుగును ఫ్రేము తర్వాత ఫ్రేము గీసి పూర్తిచేశారు.

తుపాకుల విషయంలో ఇంత తంటా లేదు. సినిమాలోని తెల్ల కవచాల సైనికులు స్టార్మ్‌ట్రూపర్ల చేతిలోవి బ్రిటిష్ స్టెర్లింగ్ సబ్‌మెషిన్ గన్‌లే. వాటికి దుర్భిణి, పట్టీలు తగిలించి, ఖాళీ తూటాలు పేల్చారు. అందుకే లేజర్ పేలాల్సిన కొన్ని షాట్లలో తూటా గుల్లలు ఎగిరిపడటం కనిపిస్తుంది!

కత్తి ఆకారంపై చర్చ తర్వాతి కాలంలోనూ ఆగలేదు. 2014 నవంబరులో 'స్టార్ వార్స్' వరుసలోని కొత్త చిత్రం టీజర్‌లో పిడికి అటూ ఇటూ చిన్న కాంతి అలుగులున్న కత్తి కనిపించగానే అభిమానులు విరుచుకుపడ్డారు. ఎదుటివాడి కత్తి ఆ అలుగులు వెలువడే పక్క గొట్టాలను కోసేయదా అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. మరుసటి ఏడాది వచ్చిన సినిమాలో ప్రతినాయకుడు కైలో రెన్ ఆ పక్క అలుగునే ప్రత్యర్థి ఫిన్ భుజంలోకి నొక్కి కాల్చాడు. ఆకారానికి అప్పుడు పని దొరికింది.

గ్రాఫ్లెక్స్ పిడికి ఇప్పుడు పాత కెమెరాలు సేకరించేవాళ్లకు, సినిమా అభిమానులకు మధ్య పోటీ. ధర పెరిగింది కత్తి వల్లే.