మన పిల్లోడి కోర్సు ఆసామి చెప్పాలా?

ఇంటర్ ఫలితాలొచ్చిన వారానికి ఒక కూలీ సోదరుడు మా సంఘం ఆఫీసుకొచ్చాడు. కర్నూలు జిల్లా కోసిగి పక్క పల్లె. గుంటూరు మిరప కోతల నుంచి అప్పుడే తిరిగొచ్చిన మనిషి, చేతులకింకా మంట తగ్గలేదు. వెంట కొడుకు. పిల్లోడు ఎంపీసీ పాసయ్యాడు. తండ్రేమో ఇంజనీరింగు అంటాడు, కొడుకు డిగ్రీలో హిస్టరీ తీసుకుని, ఆ తర్వాత బీఈడీ చేసి పంతులవుతానంటాడు.

"నా మాట వినడం లేదన్నా, నువ్వన్నా చెప్పు" అన్నాడు తండ్రి.

ఇంజనీరింగే ఎందుకని అడిగాను. ఆసామి కొడుకు అదే చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడట. ఆసామే చెప్పాడట. పైగా ఒక ప్రైవేటు కాలేజీ మనిషి ఇంటికొచ్చి, "ఒక్క రూపాయి కట్టే పనిలేదు, అంతా ప్రభుత్వమే ఇస్తుంది" అని, పిల్లోడి ఒరిజినల్ మెమోలు అడిగిపోయాడట.

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ఇన్నేళ్ళు ఎండలో నడుం వంచినవాడు కొడుకు నీడపట్టున కూర్చోవాలని కోరుకోవడం న్యాయమే. కానీ సలహా ఎవర్ని అడుగుతున్నాం? కూలి రేటు దగ్గర ఆసామి మాట నమ్మం. తూకం దగ్గర నమ్మం. బిడ్డ చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన మాటే వేదమైపోతుంది!

ఇక ఆ కాలేజీ మనిషి మాట. ఫీజు రీయింబర్స్‌మెంటు మన హక్కు, దాన్ని వదులుకోమని ఎవరూ అనరు. అయితే ప్రభుత్వం బకాయి పెట్టినప్పుడు యాజమాన్యాలు ప్రభుత్వం గొంతు పట్టుకోవు, మన పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుంటాయి. ఒరిజినల్స్ చూసుకుని వెంటనే తిరిగిచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఎవరడిగినా జిరాక్సులే ఇవ్వండి.

అట్లని కొడుకు మాటకు గుడ్డిగా తలూపమని నేననలేదు. తండ్రికి సిలబస్ తెలియనక్కర్లేదు. విత్తనం కొనేటప్పుడు ఏమడుగుతాం? ఎన్నాళ్ళ పంట, పెట్టుబడెంత, తెగులొస్తే ఏం గతి? చదువునూ అట్లే అడగొచ్చు. తండ్రి చేతనే అడిగించాను. డిగ్రీకి మూడేళ్ళు, బీఈడీకి రెండేళ్ళు, ఆపైన టెట్, డీఎస్సీ. ఆ డీఎస్సీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల పెద్ద నియామకం 2025లో గానీ రాలేదు. అంతవరకూ ఏం తింటావని తండ్రి నిలదీశాడు.

పిల్లోడు తడుముకోలేదు. సెలవుల్లో కోతకొస్తానన్నాడు, వాడలో పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్తానన్నాడు. హిస్టరీ ఎందుకురా అంటే, వాడ జనానికి ఇళ్ళస్థలాల అర్జీలు రాసింది తనేనట. "వాడకు ఆనుకున్న ఆ భూమి ముందు ఎవరిది, ఎట్లా చేతులు మారింది? అడిగితే ఎవరూ చెప్పలేదు" అన్నాడు. కొడుకు అర్జీలు రాస్తున్న సంగతి తండ్రికి అప్పుడే తెలిసింది. ఏడాదిలో నెలల తరబడి వలసలోనే ఉంటే ఎట్లా తెలుస్తుంది?

అసలు చిక్కు అక్కడే ఉంది. కోర్సు ఏదైనా బిడ్డకు మన సాయం కావలసింది అడ్మిషన్ రోజున కాదు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. మిరప కోతలూ అప్పుడే, ఇంటర్ పరీక్షలూ అప్పుడే. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక ఇంటిల్లిపాదీ బండెక్కాల్సిందే. ఈ పిల్లోడు పరీక్షలు రాయగలిగాడంటే ఇంట్లో ముసలవ్వ ఉండి గంజి కాచి పోసింది గనక. అవ్వ లేని ఇళ్ళ సంగతేమిటి? ఆడపిల్లయితే చెప్పనే అక్కర్లేదు, తమ్ముళ్ళను చూసుకోవడానికి ఆమెనూ కోతకు తోలుకుపోతారు. ఆడపిల్ల హిస్టరీ చదువుతానంటే ఈ తగాదా నా దాకా వచ్చేదే కాదు, ఆ వేసవిలోనే పెళ్ళి ఖాయమయ్యేది.

వచ్చే సీజనుకు మా సంఘం ఒక మాట అనుకుంటోంది. అడ్వాన్సులు తీసుకోకముందే వాడలో పరీక్షలు రాసే పిల్లలెందరో లెక్క రాయాలి. వాళ్ళందరికీ వండి పెట్టడానికి ఒక తల్లి ఊళ్ళో ఆగాలి. ఆమె కూలి నష్టాన్ని కోతకెళ్ళినవాళ్ళు తలా కొంత భరించాలి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు కూడా వలస పోకముందే తీయించి పెట్టుకోవాలి. జూన్‌లో పరుగెత్తితే రెండేసి రోజుల కూలి పోతుంది.

ఆ తండ్రి ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. "పంతులుద్యోగం రాకుంటే నిన్నే అడుగుతా" అని నాకు ఖరాఖండిగా చెప్పాడు. మెమోలు మాత్రం కాలేజీ మనిషికివ్వలేదు. సోమవారం కూలి మానుకుని తండ్రీకొడుకులిద్దరూ ఆదోని పోతున్నారు, డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్ని కలవడానికి. బస్సు చార్జీలిస్తానంటే వద్దన్నాడు.