సవర కొండల్లో టిబెట్ పల్లె

చలికాలం రాగానే బరంపురం వంటి పట్టణాలలో ఉన్ని స్వెట్టర్లు పరచుకొని కూర్చునే టిబెటన్లు అందరికీ పరిచితులే. వారికి చికిటి సీమకు చేరువలోనే, గజపతి జిల్లా మోహనా బ్లాకు కొండల నడుమ ఒక ఊరున్నదని ఎరుగనివారు మాత్రం ఎందరో! చంద్రగిరికి ఆనుకొని ఉన్న ఆ ప్రాంతమే జిరంగ్.

1959 మార్చిలో లాసాలో తిరుగుబాటు అణచివేతకు గురికాగా దలైలామా, ఆయన వెనుక వేలాదిమంది భారతదేశానికి తరలివచ్చారు. వారికి ప్రభుత్వం వేర్వేరు రాష్ట్రాలలో భూములిచ్చింది. అలా 1963లో ఇక్కడ ఏర్పడినదే ఫుంత్సోక్‌లింగ్ నివాసం. అయిదు క్యాంపులుగా వెలసిన ఈ పల్లెలను నేటికీ క్యాంపులనే పిలుస్తారు. మంచు పీఠభూమిలో బార్లీ పండించిన చేతులు ఇక్కడ మొక్కజొన్నకు అలవాటుపడ్డాయి. చుట్టూ ఉన్నవి సవర గూడేలు. గిడుగు రామమూర్తి పంతులు జీవితకాలం శ్రమించి నిఘంటువు కూర్చినది ఈ సవరల భాషకే.

యాత్రికులను ముఖ్యంగా ఆకర్షించేది పద్మసంభవ మహావిహారం. అయిదంతస్తుల ఈ ఆరామాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. లోపల బుద్ధుని, పద్మసంభవుని భారీ విగ్రహాలు, గోడల నిండా వర్ణచిత్రాలు ఉన్నాయి. ఎనిమిదో శతాబ్దంలో టిబెట్‌కు బౌద్ధాన్ని తీసుకువెళ్లిన పద్మసంభవుని జన్మస్థలమైన ఒడ్డియానం ఒడిశాయేనని ఇక్కడి పండితులు కొందరి వాదన. స్వాత్ లోయ అనేదే ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఏమైనా, ఆ పేరు ఇక్కడ నిలవడంలో ఒక ఔచిత్యం ఉంది.

బరంపురం నుంచి దూరం 80–90 కిలోమీటర్లు. చికిటి వైపువారు దిగపహండి చేరి, తప్తపాణి గంధకపు ఊట మీదుగా ఘాట్ రోడ్డున వెళ్లవచ్చు. చంద్రగిరి సమీపాన ఖసడా జలపాతం ఉంది. విహారంలో మన గుడులలో వలెనే ప్రదక్షిణం కుడివైపుగా చేయాలి, ప్రార్థనా చక్రాలనూ అలాగే తిప్పాలి. మోమోలు, తుక్పా దొరుకుతాయి.

ఒక్క సంగతి. మంచు దుప్పటి చూడాలని డిసెంబరులో వెళ్లేవారికి విహారం కనబడుతుంది గాని, పల్లెలో సగం ఇళ్లు తాళాలతో కనిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ ఇంటివారు మన బజార్లలోనే స్వెట్టర్లు అమ్ముతుంటారు. ఊరిని ఊరి జనంతో చూడాలంటే వారు తిరిగి వచ్చాక, ఫిబ్రవరి–మార్చిలలో వచ్చే టిబెటన్ సంవత్సరాది లోసార్ నాటికి వెళ్లడం మేలు.