ఐదు సెంట్ల నాణెంలో వెండి

రెండో ప్రపంచ యుద్ధం నడుమ అమెరికా ప్రభుత్వం చిల్లర నాణెంలో వెండి కలిపింది. దర్జాకు కాదు, నికెల్‌కు కటకట వచ్చి.

'నికెల్' అని పిలిచే ఐదు సెంట్ల నాణెం 1866లో మొదలైంది. బరువు 5 గ్రాములు. 75 శాతం రాగి, 25 శాతం నికెల్. యుద్ధంలో కవచపు ఉక్కు తయారీకి నికెల్ అవసరం పెరగడంతో, 1942 అక్టోబరు నుంచి 1945 దాకా నాణెంలో దాన్ని పూర్తిగా మానేశారు. 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీసు కలిపారు. ఈ వింత పాళ్లకు కారణం ఉంది. డబ్బులు వేస్తే సరుకిచ్చే యంత్రాలు నాణెం బరువుతో పాటు లోహం గుణాన్నీ పరీక్షించేవి. కొత్త నాణేన్ని అవి తిప్పికొట్టకూడదు కదా! ఇంచుమించు అదే కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం మన రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. అక్కడ వెండి చిల్లరలోకి దిగింది, ఇక్కడ రూపాయిలోంచి జారుకుంది.

ఈ వెండి నికెళ్లను పోల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నాణెం వెనకవైపు, అమెరికా అధ్యక్షుడిగా చేసిన జెఫర్సన్ ఇల్లు 'మాంటిచెల్లో' బొమ్మ ఉంటుంది. దాని గుమ్మటం పైన పెద్ద అక్షరం పి, డి లేదా ఎస్ ఉంటే అది వెండి కలిసిన నాణెం. ఇవి టంకశాలల గుర్తులు: పి అంటే ఫిలడెల్ఫియా, డి డెన్వర్, ఎస్ శాన్‌ఫ్రాన్సిస్కో. ఫిలడెల్ఫియా టంకశాల తన గుర్తును అమెరికా నాణెం మీద వేయడం అదే మొదటిసారి. తిరకాసు 1942తోనే: ఆ ఏడాది రెండు రకాలూ వచ్చాయి కాబట్టి సంవత్సరం చూసి తేల్చేయకూడదు. మాంగనీసు వల్ల వెండి నికెళ్లు వాడగా వాడగా మసకబారి నల్లబడతాయి. వెండి నాణెం తళతళలాడాలనుకునేవారు వీటినే పక్కన పడేస్తారు.

విలువ లెక్క తేలిక. 5 గ్రాముల్లో 35 శాతం అంటే 1.75 గ్రాముల వెండి. ఆ రోజు గ్రాము ధరతో హెచ్చవేస్తే లోహం విలువ వస్తుంది. బాగా అరిగిన నాణేనికి సాధారణంగా అంతకు మించి రాదు. మామూలు నికెళ్ల సంగతి వేరు. వాటిలోని లోహం ధర ముఖవిలువను దాటడంతో 2006లో కరిగించడాన్ని నిషేధించారు; ఐదేళ్ల దాకా జైలు. యుద్ధకాలపు వెండి నాణేలకు మినహాయింపు ఉంది.

ఇక పాతదల్లా ఖరీదైనది కాదు. 1913–38 నాటి అడవిదున్న బొమ్మ నాణేల్లో సంవత్సరం ఉబ్బెత్తు చోట పడటంతో అరిగిపోయేది. సంవత్సరం కనపడని నాణేనికి పెద్దగా ధర పలకదు.

1944 నాణెం మీద గుమ్మటం పైన అక్షరం లేకపోతే అపురూపమని మురిసిపోకండి. 1950లలో న్యూజెర్సీలో ఫ్రాన్సిస్ హెన్నింగ్ అనే వ్యక్తి 1944 అని వేసి ఐదు సెంట్ల దొంగ నాణేలు చేసి, ఆ అక్షరం వేయడం మరిచి దొరికిపోయాడు. మీ పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన చిల్లర డబ్బాలో వెతికేటప్పుడు భూతద్దం దగ్గర పెట్టుకోండి. చింతపండుతో మాత్రం తోమకండి. తోమిన నాణేన్ని సేకర్తలు తక్కువ ధరకే అడుగుతారు.