పాత కారులో వచ్చిపోవు విద్యుద్దోషము: దానిని పట్టు విధము



ఎడతెగక కాయు జ్వరముకంటె దినము విడిచి దినము వచ్చు చలిజ్వరము వైద్యునకు ఎక్కువ చిక్కు కలిగించును. వైద్యుడు వచ్చువేళకు రోగి లేచి కూర్చుండి మాటలాడుచుండును. పాత కార్లలోని విద్యుద్దోషములు కొన్ని ఈ జాతికి చెందినవే. దారి మధ్యమున బండి మొండికెత్తును. మెకానిక్కు ఎదుట చక్కగా నడచును. ఇట్టి దోషమును ఒకదాని తరువాత నొకటిగా సామానులు మార్చి పోగొట్టజాలము. అది బయటపడియున్న సమయమున కొలిచియే పట్టవలెను. ఈ సంగతి నేను సంఘపు సొమ్ము కొంత వ్యర్థమైన పిమ్మట నేర్చుకొంటిని.

మా సంఘమునకు ఒక పాత కారు కలదు. బ్యాంకు పనులకే గాక, వేళగాని వేళ సభ్యుల యింటివారిని ఆసుపత్రికి చేర్చుటకును అదియే ఆధారము. ఒక వానకాలపు రాత్రి, పురిటినొప్పులు పడుచున్న యొక తల్లిని తీసికొని పోవుచుండగా రైలుగేటు పడియుండెను. డ్రైవరు ఇంజను ఆపెను. గేటు తీసిన పిమ్మట తాళపుచెవి త్రిప్పగా "టక్కు" మను చప్పుడు తప్ప మరేమియు లేదు. వెనుక నిలిచిన బండ్లవారు దిగివచ్చి త్రోయగా ఇంజను అందుకొన్నది. తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. కాని ఆ పావుగంట మాలో నెవ్వరును మరువలేదు.

మరునాటి ఉదయము అదే కారు ఒక్క త్రిప్పునకే కదలినది. బ్యాటరీ పాతదని క్రొత్తది కొంటిమి. నెల తిరుగకుండగనే కారు మరల నిలిచెను. స్టార్టరు మోటారు విప్పించి బాగు చేయించితిమి, అయినను నిలిచెను. అట్లు మార్చుడని చెప్పినవారిలో నేనును ఒకడను.

దోష మెచట నుండునో తెలియుటకు విద్యుత్తు నడచు త్రోవను తెలియవలెను. బ్యాటరీనుండి విద్యుత్తు తీగద్వారా దీపమునకో మోటారునకో పోవును. తిరిగివచ్చుట కనేక కార్లలో వేరు తీగ యుండదు. కారు ఇనుపదేహమే తిరుగుదారి. ఇంజను రబ్బరు దిమ్మెలమీద కూర్చుండును గనుక దానిని కారు దేహముతో కలుపుటకు జడవలె అల్లిన రాగిపట్టీ యొకటి బిగింపబడియుండును. దీనినే ఎర్తుపట్టీ యందురు. చమురు, బురద, తుప్పు చేరి దీని మొదళ్లు పాడగును.

తూములో చెత్త కొంత అడ్డుపడిన నారుమడికి చాలు నీరు వచ్చును గాని పెద్ద చేను తడియదు. విద్యుత్తునకును అంతియే. తుప్పుపట్టిన అతుకులో ఒక ఓము నందు 50వ వంతు మాత్రమే అడ్డున్న దనుకొందము. అట్టి అతుకుగుండ 5 ఆంపియర్లు తీసికొను దీపమునకు నష్టమగునది 0.1 వోల్టు, ఎవరికిని తెలియదు. 150 ఆంపియర్లు కోరు స్టార్టరునకు నష్టమగునది 3 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలో నాలుగవ వంతు! కావుననే దీపములు వెలుగుచుండగా స్టార్టరు తిరుగదు. ఇంజను వేడెక్కి అతుకు సడలినప్పుడు దోషము బయటపడును. చల్లారిన పిమ్మట దాగికొనును.

ఇక పరీక్షించు క్రమము:

మొదట, దోషము వచ్చిన ప్రతిసారి ఒక పుస్తకములో వ్రాయుడు. ఇంజను వేడిమీద నుండెనా? వాన కురిసెనా? బండి గుంటలో పడెనా? వేడికి వచ్చునది అతుకులను, వానకు వచ్చునది నీరు చేరిన కలుపులను, కుదుపునకు వచ్చునది విరిగిన తీగను సూచించును.

రెండవది, పెద్ద దీపములు వెలిగించి స్టార్టరు త్రిప్పుడు. దీపములు మిక్కిలి మసకబారిన బ్యాటరీనో దాని మొనలనో అనుమానింపుడు. దీపములు తగ్గక స్టార్టరు మాత్రమే తిరుగకున్న, స్టార్టరునకు పోవు వచ్చు త్రోవలను చూడుడు.

మూడవది, వోల్టుమీటరుతో కొలువుడు. నిండిన బ్యాటరీ విశ్రాంతిగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. పిమ్మట మీటరు కొన నొకదానిని బ్యాటరీ ఋణమొనకును, రెండవదానిని ఇంజను శుభ్రమైన లోహమునకును ఆనించి, వేరొకరిచే స్టార్టరు త్రిప్పింపుడు. అర వోల్టునకు మించి చూపిన తిరుగుదారిలో దోషమున్నది.

నాలుగవది, ఫ్యూజు అప్పుడప్పుడు పోవుచున్నయెడల పెద్ద ఫ్యూజు గాని తీగముక్క గాని వేయకుడు, నిప్పంటుకొనును. ఆ త్రోవలోని సామానుల నన్నిటిని ఆపి, ఫ్యూజు స్థానమున 21 వాట్ల దీపము కలిపి, తీగలకట్టను మెల్లగా కదలింపుడు. దీప మెచట కదలించినప్పుడు భగ్గున వెలుగునో అచటనే తీగ ఒలిచి దేహమునకు తగులుచున్నది. ధాన్యపుకొట్టు ప్రక్కన నిలుపు కార్లలో ఎలుకలు కొరికిన చోట్లు ముందుగా చూడదగినవి.

మేము కారును అరగంట నడిపి, వేడిమీదనే మూడవ పరీక్ష చేసితిమి. మీటరు 3 వోల్టులు చూపినది. అప్పుడు డ్రైవరు, "యాక్సిలరేటరు తీగ ఒకప్పుడు చేయి కాలునంత వేడెక్కుచున్నదని మొదటనే చెప్పితినిగదా అయ్యా" అనెను. నిజమే, ఎర్తుపట్టీ గుండ త్రోవ దొరకని విద్యుత్తు ఆ సన్నని తీగపట్టుకొని తిరిగిపోవుచుండెను. ఆ మాట మేము చెవిని పెట్టలేదు.

పట్టీ విప్పి, రెండు మొదళ్లను గరుకుకాగితముతో మెరయునట్లు రుద్ది, గట్టిగా బిగించితిమి. ఖర్చు కాగితపు వెల మాత్రమే. నాటినుండి కారు మరల నిలువలేదు.

జాగ్రత్తలు కొన్ని. తీగలు విప్పుటకు ముందు బ్యాటరీ ఋణమొన తీసి, పని ముగిసిన పిమ్మట కడపట బిగింపుడు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీయకుడు. బ్యాటరీనుండి అంటుకొను వాయువు వెలువడును. దగ్గర బీడీ కాల్చరాదు. ఈ పరీక్షలు 12 వోల్టుల కారునకు మాత్రమే. పొలములోని పంపుసెట్టు కరెంటు ప్రాణము తీయును, దానిజోలికి పోవలదు.

సామాను మార్చుటకు ముందు కొలువుడు. కొలుచుటకు ముందు బండి నడుపువాని మాట వినుడు.

ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు