బామ్మల బెంచీ... మనసుకు మందు!

ఆస్పత్రి ఆవరణలో చెక్క బెంచీ. దానిమీద ఓ పెద్దావిడ. పక్కనే కళ్లు తుడుచుకుంటూ ఓ యువతి. చూసేవాళ్లకి బామ్మా మనవరాలూ కష్టసుఖాలు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. నిజానికి అక్కడ జరుగుతోంది వైద్యం!

జింబాబ్వే రాజధాని హరారేలో కనిపించే దృశ్యమిది. ఆ దేశంలో మానసిక వైద్యుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వారిలో ఒకరు డాక్టర్ డిక్సన్ చిబాండా. 2005లో ఆయన దగ్గర చికిత్స పొందుతున్న ఓ యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆస్పత్రికి ఎందుకు తీసుకురాలేదంటే... బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేవంది తల్లి. ఆ మాట డాక్టర్‌ని కుదిపేసింది. రోగి రాలేనప్పుడు వైద్యమే రోగి దగ్గరికి వెళ్లాలనుకున్నారాయన. అలా 2006లో ఎంబారే అనే పేదల పేటలో 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' మొదలైంది. గదుల్లేవు, నర్సులకు తీరిక లేదు. ముందుకొచ్చింది 14 మంది బామ్మలు! శిక్షణ వాళ్లకే ఇచ్చారు.

'డిప్రెషన్' అంటే అక్కడివాళ్లకి అర్థంకాదు. 'కుఫుంగిసిసా' అంటే చాలు. షోనా భాషలో అతిగా ఆలోచించడమని అర్థం. 'ఒకటే ఆలోచనలు, నిద్ర పట్టట్లేదు' అని మన ఇళ్లలో అంటామే, అలాగన్నమాట.

బామ్మ ముందు అంతా వింటుంది. మనసులోని బరువు దిగాక, ఉన్న సమస్యల్లో ఒక్కదాన్ని ఎంచుకోమంటుంది. దానికి ఏం చేయొచ్చో వచ్చినవాళ్లతోనే చెప్పిస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది. మొత్తం ఆరుసార్లు కలుస్తారు. ఆ తర్వాత తమలాంటివాళ్ల బృందంలో చేరి, సంచులు అల్లుతూ కబుర్లు చెప్పుకుంటారు. సమస్య తీవ్రంగా ఉన్నవాళ్లని మాత్రం బామ్మలు పైవైద్యానికి పంపుతారు.

మాటలతో జబ్బు తగ్గుతుందా? 573 మందిపై చేసిన అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరునెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవారిలో సగంమందికి డిప్రెషన్ లక్షణాలున్నాయి. బెంచీ మీద కూర్చున్నవారిలో 14 శాతానికే! ఓదార్పు ఆ పూటకే. ఒక్కో చిక్కుముడినీ తానే విప్పుకోవడం వంటబడితే, బామ్మ పక్కన లేనప్పుడూ అది అక్కరకొస్తుంది.

మన దగ్గరా 2022లో కేంద్రప్రభుత్వం 'టెలి మానస్' ప్రారంభించింది. 14416కి ఫోన్ చేసి, తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు. బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు!